రాతకోతలు: పారితోషికం ఎంతో ముందే అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డబ్బు గురించే. నాకు సంతోషమే. మునుపు కథ ఎలా పుడుతుందని అడిగేవారు. దానికి నా దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు. పారితోషికం ఎలా పుడుతుందో మాత్రం కొంత చెప్పగలను. కొత్తగా ఈ పేజీ చదువుతున్నవారికి నా గురించి ఒక్క మాట: విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నవలలు రాశాను, రిటైరయ్యాక కొన్నేళ్లు టీవీ సీరియళ్లకు మాటలు రాశాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

మేడమ్, నాకు ఇరవై తొమ్మిదేళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. చాలా కథలు అచ్చయ్యాయి, రెండు పోటీల్లో బహుమతులు వచ్చాయి. ఉద్యోగం మానేసి పూర్తికాలం రచయితగా స్థిరపడాలనుకుంటున్నాను. ఈ మాట చెప్పినప్పటి నుంచి మా నాన్నగారు నాతో మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు? – వరంగల్

ముందు మీరే వెళ్లి మాట్లాడండి. ఆయన లెక్క అడుగుతున్నారు, మీరు ఆశయం చెబుతున్నారు. ఆ లెక్కేదో నేను వేసి పెడతాను, పట్టుకెళ్లి చూపించండి.

మీ కథల సంపుటి ఒక ప్రచురణ సంస్థ వేసిందనుకోండి. వెల ₹200, ప్రతులు 500, రాయల్టీ పది శాతం. అన్నీ అమ్ముడుపోతే మీకు వచ్చేది ₹10,000. అదీ ఒక్క ఏడాదిలో రాదు. పోనీ, సొంతంగా వేసుకుంటారా? ప్రతికి ₹80 చొప్పున అచ్చుకు ₹40,000 పెట్టండి. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం కలిపి ఇంకో ₹12,000 అనుకుందాం. పుస్తకాల షాపువారు నలభై శాతం తీసుకుంటే ప్రతికి మీ చేతికి వచ్చేది ₹120. ఐదువందలూ అమ్మితే ₹60,000. మిగులు ₹8,000. ఇందులో సమీక్షకు పంపే రెండేసి ప్రతులు, ఆవిష్కరణ సభ హాలు అద్దె, శాలువాలు కలపలేదు. మన బంధుమిత్రులు పుస్తకం కొనరు, సంతకం చేసి ఇవ్వమంటారు. అదీ కలపలేదు.

కాబట్టి తెలుగులో పుస్తకాలు రాసి ఆ పుస్తకాల మీదే బతకడం అనేది ఇప్పుడు చాలా కొద్దిమందికి తప్ప సాధ్యం కాదు. సీరియల్ నవల కోసమే వారం వారం పత్రిక కొన్న రోజుల్లో కొందరు నవలా రచయితలకు, ముఖ్యంగా రచయిత్రులకు అది సాగింది. 2020 తర్వాత ఎన్నో పత్రికలు అచ్చు ఆపేశాక ఆ దారి ఇంకా ఇరుకైంది.

అలాగని దిగులు పడకండి. మనం తలెత్తి చూసే రచయితలు ఏం చేసి బతికారో ఒకసారి చూడండి. రావిశాస్త్రి గారు విశాఖలో వకీలు. కాళీపట్నం రామారావు గారు అదే ఊళ్లో లెక్కల మాస్టారు. పాలగుమ్మి పద్మరాజు గారు భీమవరం కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పారు. 1952లో ప్రపంచ కథల పోటీలో ఆయన కథకు రెండో బహుమతి వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో పనిచేశారు. పిల్లల కథలు దిద్దుతూ, తిరగరాస్తూ జీతం తీసుకుని, తన కథలూ నవలలూ వ్యాసాలూ రాసుకున్నారు. శ్రీశ్రీ అంతటివారు మద్రాసులో డబ్బింగ్ సినిమాలకు మాటలూ పాటలూ రాశారు. వీళ్లెవరినీ పార్ట్‌టైమ్ రచయితలని మనం అనం.

అసలు తేల్చుకోవలసింది ఉద్యోగం ఉంచాలా మానాలా అని కాదు. ఏ ఉద్యోగం సాయంత్రానికి మీలో రాసే ఓపిక మిగులుస్తుందో అది చూడాలి. బ్యాంకులో రోజంతా అంకెలే. ఇంటికొచ్చేసరికి తెలుగు మాటలు వాడకుండా అలాగే ఉండేవి, కూర్చుంటే వచ్చేవి. సీరియల్‌కు రాసిన రోజుల్లో మాటలన్నీ పగలే ఖర్చయ్యేవి. సొంత నవల ఒక్క పేజీ కదిలేది కాదు. అందుకే రాసేవాడికి రాతపనే మంచి ఉపాధి అని ఎవరైనా అంటే నేను వెంటనే ఒప్పుకోను. కొందరికి అవుతుంది. మీకు అవుతుందో లేదో ఉద్యోగం ఉండగానే పరీక్షించుకోండి. అది మీ వృత్తే కదా! ఒక ఆరు నెలలు శని, ఆదివారాల్లో అనువాదమో, ఆడియో స్క్రిప్టో, ప్రకటనల రాతో డబ్బుకు చేసి చూడండి. ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఆ నెలల్లో సొంత కథ ఎన్ని పేజీలు నడిచింది, మూడూ ఒకే నోటుపుస్తకంలో రాయండి. అయితే అంతకు ముందు మీ నియామకపత్రం తీసి, బయటి పని చేయకూడదనే షరతు ఉందేమో చదవండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం, అప్పుడప్పుడు చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. ప్రైవేటు కంపెనీల్లో ఒక్కోచోట ఒక్కో రకం.

ఇన్ని చూసుకున్నాకా మానేయాలనే ఉంటే, మానేయండి. ఆపేవారెవరు? కానీ ఏడాదిన్నర ఇంటిఖర్చు విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని ముట్టుకోకుండా బయటకు రండి. కంపెనీ ఆరోగ్యబీమా ఉద్యోగంతోపాటే పోతుంది. రాజీనామా ఇవ్వకముందే మీ పేరున సొంత పాలసీ తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, ఆ గడువేదో జీతం వస్తుండగానే మొదలైతే మంచిది. పీఎఫ్ డబ్బు తీసి పుస్తకం వేయవద్దు. ఇది మాత్రం సలహా అనుకోకండి, ఆజ్ఞే అనుకోండి.

హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్‌కు ఘోస్ట్‌గా మాటలు రాస్తున్నాను. సాయంత్రం ఏడింటికి స్క్రీన్‌ప్లే పేపర్లు వస్తాయి, మర్నాడు ఉదయం షూటింగ్‌కు సీన్లు అందాలి. టైటిల్స్‌లో మా గురువుగారి పేరే పడుతుంది. మూడు నెలలుగా డబ్బు రాలేదు. అడిగితే ‘ముందు పని నేర్చుకో’ అంటారు. నిద్ర లేదు, కడుపులో మంట. ఊరికి తిరిగి వెళ్లిపోవాలనిపిస్తోంది. – కర్నూలు

కడుపులో మంటతో మొదలుపెడదాం, తక్కినవి ఆగుతాయి. ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి. ఖాళీ కడుపున తలనొప్పి మాత్రలు మింగుతూ, టీ తాగుతూ తెల్లవార్లూ రాసేవాళ్లను చాలామందిని చూశాను. ఏ సీరియలూ వాళ్ల ఆసుపత్రి బిల్లు కట్టలేదు.

ఇక నిద్ర. సాయంత్రం పేపర్లు రాగానే మొదటి సీన్ నుంచి వరుసగా రాస్తున్నారు కదూ? అలా వద్దు. కోడైరెక్టరుకు ఫోన్ చేసి రేపటి సీన్ ఆర్డర్ అడగండి. షూటింగ్ కథ వరుసలో జరగదు, సెట్టునుబట్టి, ఆర్టిస్టుల డేట్లనుబట్టి జరుగుతుంది. అత్తగారి పాత్రధారి మధ్యాహ్నం వెళ్లిపోవాలంటే ఆమె సీన్లన్నీ ఉదయమే తీసేస్తారు. హాల్లో సీన్లు ముందు, వంటింటి సీన్లు భోజనాల తర్వాత అని తేలితే, రాత్రి పదకొండు దాకా హాలు సీన్లు రాసి పంపి పడుకోండి. వంటింటివి ఐదింటికి లేచి రాయండి. అవి సెట్టు మీదికి వెళ్లేసరికి ఎలాగూ పన్నెండవుతుంది. నేను రాసినన్నాళ్లూ ఇదే చేశాను. సెట్టులో ఎవరికీ తేడా తెలియలేదు, నాకు మాత్రం ఐదారు గంటల నిద్ర దక్కేది. అర్ధరాత్రి దాటాక రాసిన డైలాగులు ఎలాగూ సెట్టు మీద మారిపోతాయి. నిద్రమత్తులో అందరు పాత్రలూ ఒకే గొంతుతో మాట్లాడతారు.

డబ్బు దగ్గర మొహమాటపడకండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ప్రొడక్షన్ మేనేజరు పెడతాడా? ఈ రోజు నుంచి ఒక రిజిస్టరు తెరవండి. ఎపిసోడ్ నంబరు, సీన్ల నంబర్లు, పంపిన తేదీ, పంపిన సమయం రాయండి. సీన్లు వాట్సాప్‌లో పంపినా, అదే ఫైలు మీ సొంత మెయిల్ నుంచి కూడా పంపండి. పదిహేను రోజులకోసారి బిల్లు పెట్టండి. తెల్లకాగితం మీద ‘ఫలానా ఎపిసోడు నుంచి ఫలానా ఎపిసోడు దాకా, ఎపిసోడుకు ఇంత, మొత్తం ఇంత’ అని రాసి సంతకం చేస్తే చాలు. ఇందులో కోపం ఉండకూడదు, బతిమాలడమూ ఉండకూడదు. మీ గురువుగారికి కూడా మర్యాదగానే చెప్పండి: ‘సార్, ఇకపై పదిహేను రోజుల పని బాకీ పడితే పదహారో రోజు రాయలేను.’ ఆ మాట అన్నాక నిజంగానే పదహారో రోజు రాయకూడదు. అక్కడే చాలామంది జారిపోతారు. డైలీ సీరియల్‌లో ఒక్క రోజు షూటింగ్ ఆగితే ఎంత నష్టమో వాళ్లకు మీకన్నా బాగా తెలుసు.

పేరు సంగతి. రచన తనదేనని చెప్పుకొనే హక్కు, ఆ రచనను పూర్తిగా రాసిచ్చేసినా రచయితకే ఉంటుందని కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. అది పట్టుకుని రేపే కోర్టుకు వెళ్లమనడం లేదు. కానీ రిజిస్టరూ మెయిళ్లూ ఉంటే, తర్వాతి సీరియల్‌కు ‘ఈ ఎపిసోడ్లు రాసింది నేనే’ అని నిర్మాతకు చూపించగలరు. ఏడాదికి మించి ఘోస్ట్‌గా ఉండవద్దని నా అభిప్రాయం. ఏడాదిలో పని వస్తుంది. ఆ తర్వాత మీరు నేర్చుకునేదేమీ ఉండదు, ఆయన పనే మీరు చేస్తుంటారు. సొంత కథ ఎవరికైనా వినిపించేముందు తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టరు చేయించండి.

ఊరికి వెళ్లాలనిపిస్తే ఒక వారం వెళ్లి రండి. బాకీ లెక్క కాగితం ఇచ్చి వెళ్లండి.

నా నవలను ఆడియోగా చేస్తామని ఒక యాప్ వారు రాశారు. ₹20,000 ఇస్తారట. ఒప్పందం పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. మా అబ్బాయి చదివి ‘అన్నీ ఇచ్చేయమంటున్నారమ్మా’ అన్నాడు. సంతకం పెట్టనా? – గుంటూరు

ఇప్పుడే పెట్టకండి. మీ అబ్బాయి చురుకైనవాడు. వాణ్నే పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిల్‌తో నాలుగు చోట్ల గీత గీయండి: ఏ హక్కు, ఎంతకాలం, ఎక్కడ, ఒప్పందం ముగిశాక ఏమవుతుంది. పదకొండు పేజీల్లో అసలు సరుకు ఆ నాలుగు గీతల కిందే ఉంటుంది.

మొదటి గీత దగ్గర సాధారణంగా ‘ఆడియో, దృశ్య, ముద్రణ, అనువాద, అనుసరణ హక్కులన్నీ’ అని ఉంటుంది. వాళ్లు చేసేది ఆడియో. మరి సినిమా హక్కు వాళ్లకెందుకు? తెలుగు ఆడియో ఒక్కటే ఉంచి తక్కినవి కొట్టేయమనండి. రేపు ఎవరైనా వెబ్‌సిరీస్ తీస్తామని వస్తే ఆ డబ్బు ఈ ఇరవై వేల కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. ‘ఇప్పుడున్న, ఇకముందు రాబోయే సాంకేతిక పద్ధతులన్నిటిలో’ అనే వాక్యం కూడా చూడండి. ఒప్పందం నాటికి వాడుకలోనే లేని మాధ్యమాలకు హక్కు వెళ్లాలంటే వాటి పేరు విడిగా చెప్పి తీరాలని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ అంటుంది. కంప్యూటర్లకు శిక్షణ ఇవ్వడానికి, మనిషి గొంతును పోలిన గొంతుతో చదివించడానికి వాడుకుంటామనే షరతు ఉంటే అది ప్రత్యేకంగా మాట్లాడుకోవలసిన విషయం. దానికి వేరే డబ్బు అడగండి, లేదా వద్దనండి.

రెండోది కాలం. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లేనని 1957 నాటి చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం. అందుకే వాళ్లు రాయకుండా వదిలిపెట్టరు. ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అని పెడతారు. చంద్రమండలం మీద మీ నవల వినేవాళ్లు ఎవరో నాకు తెలియదు కానీ, శాశ్వతం అనే మాట మాత్రం నవ్వి వదిలేయవలసింది కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అంటే ఆ సంతకంతో మీ అబ్బాయికీ, వాడి పిల్లలకూ రావలసింది కూడా ఇచ్చేస్తున్నారు. ఐదేళ్లు అనండి. ఏడు దాకా ఒప్పుకోవచ్చు. ప్రాంతం విషయంలో పట్టుబట్టకండి, అమెరికాలో మనవాళ్లూ వింటారు, విననివ్వండి.

ఇంకో మంచి మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయినట్టే, ఒప్పందంలో వేరేగా రాస్తే తప్ప. ఆ ‘వేరేగా’ మీ పదకొండు పేజీల్లో ఉందో లేదో వెతకమనండి.

మెయిల్ ఇలా పంపితే చాలు: ‘మీ ప్రతిపాదనకు ధన్యవాదాలు. తెలుగు ఆడియో హక్కు మాత్రం ఐదేళ్లకు ఇవ్వగలను. తక్కిన హక్కులు నావద్దే ఉంటాయి. సంతకం రోజున సగం, ప్రసారం మొదలైన నెలలోపు మిగతా సగం చెల్లించగలరు. సవరించిన ఒప్పందం పంపితే చూసి సంతకం చేస్తాను.’ తెలుగులోనే పంపండి, వాళ్ల దగ్గర తెలుగు చదివేవాళ్లు ఉండకపోరు. ఆడియో వరకే అయితే ఇరవై వేలు కొత్తగా మొదలుపెట్టేవారికి ఫరవాలేదు. అన్ని హక్కులకూ కలిపి అంటే, మీ నవల బీరువాలోనే భద్రంగా ఉంటుంది.

రచయిత అన్నవాడు రోజూ ఫేస్‌బుక్‌లో కనిపించాలంటున్నారు. నిజమేనా? – ఏలూరు

పుస్తకం వచ్చిన నెలలో కనిపించండి. ఎక్కడ దొరుకుతుందో, వెల ఎంతో, పోస్టులో ఎలా తెప్పించుకోవాలో స్పష్టంగా చెప్పండి. సొంతంగా పోస్టు చేసుకునేవారికి 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే చవక పద్ధతి వచ్చింది, 300 గ్రాముల లోపు ప్యాకెట్టుకు ₹20తో మొదలైంది. ఏ పుస్తకాలకు వర్తిస్తుందో మీ పోస్టాఫీసులో అడగండి. తక్కిన పదకొండు నెలలూ కనిపించకపోతే కొంపలేమీ మునగవు. లైకులు లెక్కపెట్టుకున్న రోజు నాకైతే పేజీ నడవదు.

నేను ఫోనులోనే కథలు రాస్తాను. కొన్నాళ్లుగా కుడిచేతి బొటనవేలి మొదలు దగ్గర నొప్పి, ఇప్పుడు మణికట్టు దాకా పాకింది. రాయడం మానలేను. – కరీంనగర్

మానక్కర్లేదు, కానీ ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. నరమో, కండరబంధమో వాళ్లు చెప్పాలి, నేను కాదు. బామ్ రాసుకుంటూ నెట్టుకొస్తే నెలల్లో తగ్గేది ఏళ్లు పడుతుంది.

ఫోనులో తెలుగు రాయడం ఇంగ్లీషు కన్నా వేలికి ఎక్కువ పని. గుణింతాలు, ఒత్తులు, మళ్లీ వెనక్కి వెళ్లి దిద్దడం. ఒక చిన్న బ్లూటూత్ కీబోర్డు కొనండి, ఫోనును కంటి ఎత్తుకు దగ్గరగా నిలబెట్టండి. రెండు చేతులకూ పని పంచండి. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి నేర్చుకుంటే ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు వస్తాయి. మొదట్లో విసుగ్గా ఉన్నా తర్వాత హాయిగా ఉంటుంది. మొదటి ప్రతి గొంతుతో చెప్పి టైపు చేయించుకోవచ్చు. సంభాషణలకు ఇది బాగా పనికొస్తుంది. వర్ణనలకు నాకు కుదరలేదు. దస్తా కాగితాల మీద రాసేవారు ఇంకా ఉన్నారు, నేనూ అందులో ఒకదాన్ని. రాసింది ఎవరైనా టైపు చేసిపెడితే వాళ్లకు డబ్బు ఇవ్వండి, మేనకోడలైనా సరే.

కుర్చీ, బల్ల కొనడానికి చాలామందికి మనసు రాదు. పట్టుచీర కొన్నంత సులువుగా నడుముకు ఆసరా ఉన్న కుర్చీ కొనరు. పాదాలు నేలకు ఆనాలి, మోచేతులు బల్ల ఎత్తులో ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో, ఎదురింటి మేడనో చూడండి. గంటకోసారి లేవండి. ఒక్క పూటలో కథ ముగించాలనే పట్టుదల ఇరవైలలో సరే, నలభై దాటాక ఒళ్లు ఊరుకోదు.

మీరు అడగలేదు కానీ చెబుతాను. చాలా పత్రికలు, ప్రెస్సులు ఇంకా యూనికోడ్ కాని ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే పేజీలు కడతాయి. మీరు పంపిన యూనికోడ్‌ను వాళ్లు మార్చుకునేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. కనుక వర్డ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా పంపండి, ప్రూఫు చూసేవారికి సరిచూసుకోవడానికి ఉంటుంది. లేకపోతే అచ్చయ్యాక తప్పులు వెతుక్కుంటూ మళ్లీ ఫోను పట్టుకుంటారు.

మొదటి పుస్తకం వచ్చాక ఏమీ రాయలేకపోతున్నాను. చాలా నెలలైంది. కాగితం చూస్తే ఏడుపు వస్తోంది. నిద్ర పట్టదు, తినబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడాలని లేదు. నా పని అయిపోయిందా? – పేరు, ఊరు వద్దన్న పాఠకురాలు

అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీద్దాం.

రాయలేకపోవడం ఒకటి. కాళీపట్నం వారు మధ్యలో కొన్నేళ్లు కథలు రాయలేదు. ఆ విరామం తర్వాతే, 1960లలో, ఆయనను అందరూ గుర్తుపెట్టుకున్న కథలు వచ్చాయి. మొదటి పుస్తకంలో ఎన్నేళ్లుగానో దాచుకున్నదంతా వెళ్లిపోతుంది. మళ్లీ నిండడానికి సమయం కావాలి. ఆ సమయంలో చదువుకోవచ్చు, ఊరికే ఉండవచ్చు. రాయని నెలలకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

రెండోది నిద్ర, తిండి, ఏడుపు. అది రాతకు సంబంధించింది కాదు, ఆరోగ్యానికి సంబంధించింది. రచయితలకు బాధ సహజమని, బాధ ఉంటేనే రాత పండుతుందని కొందరు అంటారు. ఆ మాట అన్నవాళ్ల ఇళ్లకు భోజనానికి వెళ్లండి కానీ, మాట మాత్రం వినకండి. రెండు వారాలు దాటి ఇలా ఉంటే డాక్టరుకు చెప్పాలి. ఈ రోజే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. మీకు తెలిసిన ఒక మనిషికి ఈ ఉత్తరం నాకు రాసినట్టే రాసి ఇవ్వండి, చెప్పలేకపోతే. వచ్చే నెల నాకు మళ్లీ రాయండి. కథ పంపక్కర్లేదు, ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయండి.

డాలస్‌లో ఉంటాను. పత్రికలకు కథ పంపితే జవాబే రాదు. ఒకే కథను రెండు మూడు పత్రికలకు పంపవచ్చా? ఆగలేక ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే? – డాలస్

పెట్టేస్తే అది ప్రచురితమైనట్టే లెక్క. దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది పోటీలకు సాధారణంగా హామీపత్రం అడుగుతారు: రచన సొంతమని, దేనికీ అనువాదమో అనుకరణో కాదని, ఎక్కడా అచ్చు కాలేదని, సామాజిక మాధ్యమాల్లోనూ రాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని. అది సంతకం పెట్టిన మాట. ఒకే కథ రెండు పత్రికల్లో ఒకే నెలలో వచ్చిందంటే రెండు చోట్లా మీ పేరు గుర్తుంచుకుంటారు, మీరు కోరుకునే రకంగా కాదు.

మూడు నెలలు ఆగండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ‘ఫలానా తేదీన పంపిన కథను ఉపసంహరించుకుంటున్నాను’ అని ఒక వాక్యం మెయిల్ చేసి వేరేచోటికి పంపండి. అనుమతి అడగవద్దు, తెలియజేయండి. పండుగ సంచికలకు మూడు నాలుగు నెలల ముందే ఎంపిక జరిగిపోతుంది కనుక ఉగాది కథ ఉగాదికి రాయకండి. ఇండియాకు రావాలనుకుంటే డిసెంబరు, జనవరి చూసుకుని రండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, ఆ వెనకే విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. పది మెయిళ్లతో తెలియనిది ఒక్క సాయంత్రం స్టాళ్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

రిటైర్డ్ టీచర్ని. ఒక సంస్థకు పాఠాలు రాసిస్తే వచ్చిన డబ్బులో పది శాతం కోసి ఇచ్చారు. ఇది అన్యాయం కాదా? – తిరుపతి

అన్యాయం కాదు మాస్టారూ, టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే ఆదాయపన్ను. వాళ్లు కోసింది మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. కట్టారో లేదో ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ సంస్థను గట్టిగా అడగండి. కనిపిస్తే, మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రానప్పుడు గడువులోగా రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. వెయ్యి రూపాయలే కదా అని వదిలేసే రచయితలు నాకు చాలామంది తెలుసు. ఆ వెయ్యి సంపాదించడానికి ఎన్ని పేజీలు రాశారో వాళ్లే మరిచిపోతారు.

పుస్తకాల రాయల్టీ వస్తున్నవారికి ఇంకో వెసులుబాటు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు సాహిత్య, శాస్త్ర గ్రంథాల రాయల్టీ మీద ఏడాదికి ₹3 లక్షల దాకా మినహాయింపు కోరవచ్చు. ప్రచురణకర్త సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. బడి పాఠ్యపుస్తకాలకు ఇది వర్తించదు. మూడు లక్షల రాయల్టీ వచ్చే తెలుగు రచయిత ఎవరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి, వచ్చే నెల ఈ పేజీ మీకే ఇస్తాను.

పారితోషికం ఫారాలు నింపేటప్పుడు పాన్ నంబరు రెండుసార్లు సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా వస్తే మీ డబ్బు మీ ఖాతాలో కనిపించదు, దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది.

వచ్చే సంచికలో అనువాదకుల ఉత్తరాలు తీసుకుంటాను. తిరుగు స్టాంపులు పంపకండి, జవాబులన్నీ పత్రికలోనే.